పేదరికం, ఆకలి నిజంగా పోతాయని మన సంఘాల్లో ఎవరైనా నమ్ముతున్నారా?

లంకల_చిన్నోడు
యూత్ కూడికలో ఒక ప్రశ్న వచ్చింది, ఎవరూ సరిగ్గా తేల్చలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న లక్ష్యాల్లో మొదటిది పేదరికం లేకుండా చెయ్యడం, రెండోది ఆకలి లేకుండా చెయ్యడం, గడువు 2030. దీని గురించి క్రైస్తవులుగా మనకేమైనా ఆశ ఉందా అని ఓ తమ్ముడు అడిగాడు. సంఘపెద్ద ఒకాయన లేచి బీదలు ఎప్పుడూ మీతో ఉంటారని ప్రభువే చెప్పాడు కదా, రాకడ, అంటే క్రీస్తు మళ్ళీ రావడం, జరిగేదాకా అది పోయేది కాదు అన్నారు. అందరూ ఆమెన్ అనేశారు. నాకు మాత్రం మింగుడు పడలేదు. చుట్టూ వరి, కొబ్బరి, కాలవ నిండా నీళ్ళు, అయినా మా పేటలో చాలా ఇళ్ళల్లో అమ్మలు కువైట్లోనో మస్కట్లోనో ఇళ్ళపని చేస్తుంటే పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. దీన్ని దేవుడు ఇలాగే ఉంచుతానన్నాడా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కాకినాడ_కాజా
గడువు 2030 అంటే మా ఊరి బ్రిడ్జి కాంట్రాక్టరు గుర్తొచ్చాడు. సరే, సీరియస్‌గానే చదువుతున్నా, కానివ్వండి.

అయ్యగారి_అబ్బాయి
చిన్నోడు, ఆ వచనం ఒక్కటే చదివి ఆగిపోతే వచ్చే ఇబ్బంది ఇది. మా నాన్నగారు పాస్టరు, ఆయన దీని మీద ఎప్పుడూ ఒకటే చెప్పేవారు, ముందు బైబిల్లో ద్వితీయోపదేశకాండం 15 తెరవమని. యేసు అన్న మాట అక్కడి 11వ వచనంలోది. బీదలు దేశంలో ఉండకుండా పోరు, కాబట్టి నీ సహోదరుడికి చెయ్యి చాపు అని ఉంటుంది అక్కడ. మనవాళ్ళు మొదటి సగం చదివి రెండో సగం వదిలేస్తున్నారు. అదే అధ్యాయం 4వ వచనంలో ఇంకా పెద్ద మాట ఉంది, మీరు మాట వింటే మీలో బీదలే ఉండరని. అధ్యాయం మొదలయ్యేదే ఏడేళ్ళకోసారి అప్పులు కొట్టెయ్యమని. అంటే పేదరికం దేవుడు రాసిపెట్టిన రాత కాదు, మనం మాట వినకపోవడం వల్ల ఉంటున్నది. అపొస్తలుల కార్యాలు 4లో ఆ మొదటి సంఘం గురించి వాళ్ళలో ఎవరికీ కొదువ లేకపోయింది అని రాసి ఉంది. ఆ పుస్తకం రాసిన లూకాకి ఆ మాట రాసినప్పుడు ఈ 15వ అధ్యాయమే మనసులో ఉందని నా నమ్మకం. ఒకసారి జరిగింది కదా, మళ్ళీ జరగదని ఎలా అంటాం?

రెండో_రాకడ_ప్రసాద్
అయ్యగారి అబ్బాయి చెప్పింది బాగానే ఉంది గానీ ఆ యెరూషలేము సంఘానికే తర్వాత కరువొస్తే పౌలు మాసిదోనియలో, అకయలో చందాలు పట్టుకెళ్ళాల్సి వచ్చింది. ఆస్తులు అమ్మి పంచుకున్నవాళ్ళకే అలా అయ్యింది. మనుషులు పెట్టుకున్న గడువులు నేను చాలా చూశాను. 2000లో సహస్రాబ్ది లక్ష్యాలన్నారు, 2015కి అన్నారు, అది అయ్యాక 2030 అన్నారు, రేపు 2045 అంటారు. ప్రకటన గ్రంథం 7లో ఇక వాళ్ళకి ఆకలి ఉండదు, దాహం ఉండదు అని ఉంది, ఆ రోజు ఆయన చేతుల్లో ఉంది. దాని మీద ఆశ పెట్టుకోవడం తప్పంటే నేనొప్పుకోను.

లెక్కల_మాస్టారు_ఏలూరు
ప్రసాద్ గారూ ఆశ తప్పని ఎవరూ అనలేదండి. కానీ గడువులన్నీ ఉత్తివే అనకండి, లెక్క అలా లేదు. ప్రపంచంలో కటిక పేదరికాన్ని 1990తో పోలిస్తే 2015కల్లా సగం చెయ్యాలన్నది అప్పటి లక్ష్యం, అది 2010కే అయిపోయిందని ప్రపంచ బ్యాంకే లెక్క చెప్పింది. 1990లో దాదాపు 190 కోట్ల మంది ఉండేవారు, కరోనాకి ముందు 70 కోట్ల లోపుకి వచ్చారు. మన దేశంలో నీతి ఆయోగ్ లెక్క, తిండి, చదువు, వైద్యం, ఇల్లు, కరెంటు లాంటివి అన్నీ కలిపి చూసేది, 2015-16లో 24.85 శాతం ఉన్న పేదలు 2019-21కి 14.96 శాతానికి తగ్గారు. ఆకలి మాత్రం మొండిగా ఉంది, 2024లో ప్రపంచంలో 67 కోట్ల మందికి పైనే సరిపడా తిండి లేనివాళ్ళు. 2030కి సున్నా అవ్వదు, అది ఖాయం. కానీ ఇంత తగ్గింది చూశాక కూడా ఇది కదలని కొండ అని పిల్లలకి చెప్పడం న్యాయం కాదు. క్లాసులో 90 మార్కులు రానివాడిని సున్నా అనం కదండీ.

కాకినాడ_కాజా
మాస్టారు మా టైంలో అలాగే అనేవారు సున్నా అని 😀

అంగన్‌వాడీ_అక్క
మీరంతా వచనాలూ లెక్కలూ అంటున్నారు, నేను రోజూ చూసేది చెప్తాను. మా గోదారి జిల్లాల్లో కడుపు మాడ్చుకుని పడుకునే ఇల్లు ఇప్పుడు అరుదు. రేషన్ బియ్యం మనిషికి 5 కేజీలు, 2023 నించి అవీ ఉచితమే. మా అమ్మమ్మ వాళ్ళు 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు పండగలాగా చేసుకున్నారంట, ఎందుకంటే అంతకు ముందు ఊడుపులకీ కోతలకీ మధ్య పని లేని నెలల్లో నిజంగా పస్తులే. ఆ ఆకలి పోయింది. ఉన్నది ఇంకో ఆకలి. పొద్దున అన్నం పచ్చడి, రాత్రి అన్నం చారు. పప్పు వారానికోసారి, గుడ్డు ఎప్పుడైనా. బరువు తూచినప్పుడు, ఎత్తు కొలిచినప్పుడు తెలుస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో మన రాష్ట్రంలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు. ఆడవాళ్ళలో నూటికి 59 మందికి రక్తం తక్కువ. అన్నపూర్ణ అని పేరు పెట్టుకున్న చోట ఇది. నేనూ విశ్వాసినే, మా సంఘంలో క్రిస్మస్‌కి బియ్యం పంచుతారు. బియ్యం ఎందుకండీ, బియ్యం ఉన్నాయి కదా! కందిపప్పు పంచండి, గుడ్లు పంచండి, వేరుశనగ ఉండలు పంచండి అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. బియ్యం బస్తాలైతే స్టేజీ మీద ఫోటోకి బాగుంటాయని ఒకాయన మొహం మీదే అన్నాడు.

సంధ్య_పాలకొల్లు
అక్కా మీకు దండం. ఈ మాట ప్రతి మందిరం గోడ మీదా రాయాలి.

డెల్టా_రైతు
నేను హిందువుని, ఈ చర్చలో దూరొచ్చో లేదో తెలీదు గానీ ఒక మాట చెప్పాలనిపించింది. క్రైస్తవ ఆశ ఆకలిని ఏం చేస్తుందని అడుగుతున్నారు, మా ఇంట్లో దేవుడి పటాల పక్కన కాటన్ దొర పటం ఉంది. 1832-33 కరువులో గుంటూరు వైపు 5 లక్షల జనంలో 2 లక్షల దాకా చచ్చిపోయారని చెప్తారు. మన వైపు కూడా అంతకంటే మేలేం కాదు, ఒక ఏడు కరువు, ఒక ఏడు వరద, మధ్యలో 1839 తుపాను. గోదారి పక్కనే పారుతుంటే జనం తిండి లేక చచ్చారు. ఆ మనిషి ఇదంతా చూసి ఆనకట్ట కడతానని కంపెనీ వాళ్ళతో పోరి పోరి 1847లో మొదలెట్టి 1852కి ధవళేశ్వరం పూర్తి చేశాడు. ఆయన మహా భక్తిపరుడు, దేవుడిచ్చిన నీళ్ళు సముద్రంలోకి వదిలెయ్యడం పాపం అన్నట్టే బతికాడు. రాకడ వచ్చాక చూద్దాంలే అనుకుని ఉంటే ఈ రోజు నా పొలం లేదు. మావైపు పురోహితులు కొందరు పుష్కరాల్లో ఆయన పేరున తర్పణం వదులుతారు, అంతకంటే ఏం చెప్పను.

ఎర్రజెండా_భీమవరం
రైతు గారూ కాటన్ మీద నాకూ గౌరవమే. కానీ ఆ నీళ్ళు ఎవరి పొలాల్లోకి పారాయి? భూమి ఉన్నోడి పొలంలోకి. ఆ ఆనకట్టకి రాళ్ళు మోసిన కూలోళ్ళ మనవలకి ఇప్పటికీ సెంటు భూమి లేదు. 1836లో వచ్చిన బౌడన్, బీర్ అనే మిషనరీలు ధవళేశ్వరం పనిలో ఉన్న కూలీల మధ్యనే సువార్త చెప్పారు, నర్సాపురం పాలకొల్లు సంఘాలు అలా పుట్టుకొచ్చినవే. మంచిదే, బడి పెట్టారు, ఆసుపత్రి పెట్టారు, మనిషిగా చూశారు. అది చిన్న సంగతి కాదు, దళితుల పేటలోకి అడుగు పెట్టనివాళ్ళు ఉన్న కాలంలో వాళ్ళు పక్కన కూర్చుని తిన్నారు. కానీ భూమి జోలికి పోలేదు. పంట పెరిగితే ఆకలి పోతుందన్నది సగం నిజం. పంట ఎవరి ఇంటికి పోతుందన్నది మిగతా సగం.

అయ్యగారి_అబ్బాయి
ఎర్రజెండా అన్నయ్యా, ఆ మిగతా సగం లేవీయకాండం 25లో ఉంది, యాభై ఏళ్ళకోసారి ఎవరి భూమి వాళ్ళకి తిరిగి ఇచ్చెయ్యాలి, భూమి నాది మీరు నా దగ్గర కాపురమున్నవాళ్ళు అంటాడు దేవుడు. మీ పార్టీ పుట్టకముందే.

ఎర్రజెండా_భీమవరం
మరి ఆ అధ్యాయం మీద ప్రసంగం ఎప్పుడైనా విన్నావా తమ్ముడూ?

అయ్యగారి_అబ్బాయి
మా నాన్నగారు చెప్పారు. సంఘంలో భూమి ఉన్న రెండు కుటుంబాలు ఆ నెల రాలేదు. ఆయన మళ్ళీ చెప్పారు.

లేసుపని_నర్సాపురం
పెద్దదాన్ని, నా మనవరాలు టైపు చేస్తుంది. లేవీయకాండం అంటే నాకు పరిగె గుర్తొస్తుంది. చేను అంచులు పూర్తిగా కొయ్యొద్దు, రాలిన కంకులు ఏరుకోవద్దు, అవి బీదలకీ పరదేశులకీ వదిలెయ్యమని ఉంటుంది. నా చిన్నప్పుడు సార్వా (వానాకాలం పంట) కోతలయ్యాక మా అమ్మతో చేలోకి పోయి పరిగె ఏరుకొచ్చేవాళ్ళం, అడిగే పని లేదు, ఎవరూ కాదనేవారు కాదు. ఏ కులం రైతైనా సరే. బైబిల్లో పరిగె ఏరుకున్న రూతు కథ చదివితే అది మా కథే అనిపించేది. ఇప్పుడు మిషన్ కోత. మిషన్ పోయాక ఏముంటుంది, గడ్డి కూడా ముక్కలై పోతుంది. కోత కూలీ పోయింది, పరిగె పోయింది. ఊడుపులు ఒక్కటే మిగిలాయి, వాటికీ ఎక్కడెక్కడినించో మేస్త్రీలు ముఠాలని తెస్తున్నారు. చేలు కాస్తా రొయ్యల చెరువులు అయ్యాక అదీ లేదు, చెరువు మీద ఇద్దరు మగాళ్ళుంటే చాలు. ఆడదానికి పని ఎక్కడుంది? లేసు ఉంది. మిషనరీ దొరసానులు కరువు రోజుల్లో మా ముత్తవ్వల చేతికి దారం, సూది ఇచ్చి నేర్పిన పని, దానికి 2024లో జీఐ, అంటే ఫలానా చోటి సరుకు అనే గుర్తింపు కూడా వచ్చిందని పేపర్లో వేశారు. సంతోషమే. కానీ కళ్ళు పోయేలా అల్లితే చేతికొచ్చేది కూలి కంటే తక్కువ, మధ్యలో వాళ్ళదే లాభం. నేర్పినవాళ్ళు ప్రేమతోనే నేర్పారు, ధర ఎవరు చూడాలి అన్నది మాత్రం ఎవరూ నేర్పలేదు.

సంధ్య_పాలకొల్లు
అమ్మమ్మా మీరు రాసింది మా అమ్మకి చదివి వినిపించా. ఆవిడ కూడా పదేళ్ళప్పటినించీ లేసే.

రిటైర్డ్_హవల్దార్
నా సర్వీసులో కొన్నాళ్ళు మిజోరంలో ఉన్నాను. అక్కడ ఇంటింటా ఆడవాళ్ళు అన్నం వండేముందు ఒక గుప్పెడు బియ్యం తీసి పక్కన పెడతారు, వారానికోసారి చర్చి వాళ్ళొచ్చి పోగుచేస్తారు. వంద ఏళ్ళ పైనించి నడుస్తున్న పద్ధతి, బయటి డబ్బు అవసరం లేకుండా సంఘాలు దాని మీదే నిలబడ్డాయి. పేద ఇల్లు కూడా ఇస్తుంది, అదే నాకు నచ్చింది. ఇచ్చేవాడు పుచ్చుకునేవాడు అని రెండు వర్గాలు ఉండవు. మన వైపు పిడికెడు బియ్యం అని స్త్రీల సమాజాలు చేసేవి, ఇప్పుడు ఫోన్‌పే కొట్టి ఊరుకుంటున్నారు.

అంగన్‌వాడీ_అక్క
హవల్దార్ గారూ పిడికెడు కందిపప్పు అని మొదలెడదాం!

రెండో_రాకడ_ప్రసాద్
అది మంచి ఆలోచన అక్కా.

విసుగెత్తిన_విశ్వాసి
మీరందరూ ఇచ్చే సంఘాల గురించి చెప్తున్నారు, నాకు తెలిసింది ఇంకోటి. మా చిన్నమ్మ ఒక మీటింగులో విత్తన కానుక వెయ్యి, నూరంతలు వస్తుంది, నీ అప్పు తీరిపోతుంది అంటే చెవిదుద్దులు తాకట్టు పెట్టి వేసింది. అప్పు తీరలేదు, దుద్దులు పోయాయి, పైగా నీ విశ్వాసం చాలలేదన్నారు. నేను ఏ సంఘం పేరూ చెప్పను. కానీ పేదరికం పోతుందని పేదోళ్ళ దగ్గరే డబ్బు తీసుకుని ఆశ అమ్మడం చూస్తే కడుపు రగిలిపోతుంది. క్రైస్తవ ఆశ అంటే ఇదేనా? యేసు ఎవరి దగ్గరైనా ముందు కానుక అడిగి రొట్టెలు పంచాడా?

అయ్యగారి_అబ్బాయి
కాదు. ఆయన శిష్యులతో అన్నది మీరే వాళ్ళకి భోజనం పెట్టండి అని. జనంతో కట్టమని కాదు. మీ చిన్నమ్మగారికి జరిగింది అన్యాయం, దాన్ని అన్యాయమనే పిలవాలి.

మరియాపురం_జోజి
మేం కాథలిక్కులం. అప్పు మాటొచ్చింది కాబట్టి ఒకటి. 2000 జూబిలీ ఏడాదికి పేద దేశాల అప్పులు కొట్టెయ్యమని అన్ని సంఘాలూ కలిసి ఉద్యమం చేశాయి. 1998 మేలో బర్మింగ్‌హాంలో పెద్ద దేశాల నాయకులు కూర్చుంటే బయట దాదాపు 70 వేల మంది చేతులు కలిపి గొలుసు కట్టారు. అది ఆ లేవీయకాండం 25 పట్టుకునే చేశారు. తర్వాత చాలా ఆఫ్రికా దేశాలకి అప్పులు రద్దయ్యాయి, కొన్ని చోట్ల ఆ మిగిలిన డబ్బుతో బడి ఫీజులు తీసేశారు. పూర్తిగా అవ్వలేదు, మళ్ళీ కొత్త అప్పులొచ్చాయి, అందుకే 2025 జూబిలీకి పోప్ ఫ్రాన్సిస్ మళ్ళీ అదే అడిగారు. నేను చెప్పేదేంటంటే వచనం పట్టుకుని ప్రార్థన చేసి ఊరుకోలేదు, లెక్క అడిగారు. మన దగ్గర అప్పు అంటే వారం వారం ఇంటి ముందు కూర్చునే ఫైనాన్సు. 2010లో ఆ మైక్రోఫైనాన్సు అప్పుల వల్ల ఆత్మహత్యలు అయ్యాక ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, కొన్నాళ్ళు తగ్గింది, ఇప్పుడు యాప్‌లో వచ్చింది. సంఘానికి బ్యాంకులో డబ్బు మూలుగుతుంటే విశ్వాసురాలు నూటికి అయిదు వడ్డీకి తెచ్చుకోవడం ఏంటి?

ఎర్రజెండా_భీమవరం
జోజి గారూ ఈ పోస్టుకి నా పూర్తి మద్దతు, రాసి పెట్టుకోండి.

పేట_పిల్లోడు
ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ కాదు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో కలిపారు, మనల్ని కలపలేదు. మన రాష్ట్రంలో బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. పేట అదే, కులం పేరుతో తిట్టేది అదే, కూలి అదే, సర్టిఫికెట్ మాత్రం వేరు. దాంతో సగం మంది రికార్డులో ఒకటి, ఆదివారం ఒకటి. పేదరికం పోవాలని ఆశపడే సంఘం ఈ ఒక్కటి గట్టిగా అడగకపోతే మిగతావన్నీ దానధర్మాలే.

ప్రార్థనే_బలం
రాజకీయాలు మందిరంలోకి తేవద్దు దయచేసి.

పేట_పిల్లోడు
సిస్టర్, మా నాన్న ఉద్యోగం ఆ సర్టిఫికెట్ మీద ఆగింది. అది మా ఇంట్లోకి వచ్చేసిన రాజకీయం, నేను తేలేదు.

ప్రార్థనే_బలం
బాబూ నీ బాధ అర్థమైంది. మా గుంపులో దీని గురించి ప్రార్థన చేస్తాం, నాన్నగారి పేరు మెసేజ్ చెయ్యి.

లంకల_చిన్నోడు
అన్నీ చదివాను. నాకు ఒకటి అర్థమవుతోంది, ఆశ ఉంది, కానీ అది మన ఊళ్ళో దేని మీద పెట్టాలన్నది తేలాలి. మా సంఘంలో ఎక్కువమంది కౌలు రైతులు. పండినదాంట్లో సగం దాకా కౌలుకే పోతుంది, తుపానొస్తే నష్టపరిహారం భూమి ఉన్నాయన ఖాతాలో పడుతుంది, బ్యాంకు లోను ఆయన పేరునే. 2011లో క్రాప్ హాలిడే అని కోనసీమ అంతా సార్వా వెయ్యకుండా వదిలేసినప్పుడు కూడా పేపర్లలో భూస్వాముల ఫోటోలే. దీనికి ఏం చెయ్యొచ్చు?

డెల్టా_రైతు
దీనికి నేను చెప్పగలను. 2019 చట్టం కింద సీసీఆర్సీ (పంట సాగుదారు హక్కుల) కార్డు అని కౌలు రైతుకి ఇస్తారు, 11 నెలలకి. అది ఉంటే పంట రుణం, బీమా, పరిహారం అడగొచ్చు. చిక్కంతా భూమి ఉన్నాయన సంతకం పెట్టాలి. పెట్టరు, పొలం పోతుందని భయం. ఆ కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదు, చట్టంలోనే రాసి ఉంది. నేను నా కౌలుదారుకి పెట్టాను, నా పాసుపుస్తకం నా దగ్గరే ఉంది. మీ సంఘాల్లో పొలాలున్నవాళ్ళు ఉన్నారు కదా, అయ్యగారు ముందు వాళ్ళ చేత సంతకం పెట్టించొచ్చు. కొన్ని సంఘాలకి పాత మిషన్ భూములు కూడా ఉన్నాయి, అవి ఎవరికి కౌలుకి ఇస్తున్నారో ఒకసారి అడగండి.

ఎర్రజెండా_భీమవరం
మిషన్ భూముల మాట అడిగితే చాలామంది పెద్దల మొహాలు మారతాయి. అందుకే అడగాలి. వేలం పాటలో ఎక్కువ ఇచ్చినోడికి కాకుండా సంఘంలో భూమి లేని ఆడవాళ్ళ గుంపుకి ఇవ్వండి, ఒక ఎకరం అయినా సరే.

లేసుపని_నర్సాపురం
ఆడవాళ్ళ పేరునే ఇవ్వాలి. మగాళ్ళ పేరున ఇస్తే దాళ్వా (రెండో పంట) కల్లా తాకట్టులో ఉంటుంది. ఇది టైపు చెయ్యను అంటుంది మనవరాలు, చెయ్యమన్నాను.

రెండో_రాకడ_ప్రసాద్
నా నమ్మకం మారలేదు, ఆకలి అనేదే లేని లోకం ఆయనే తెస్తాడు, మనం కట్టేది కాదు. కానీ మత్తయి 25లో ఆయన వచ్చినప్పుడు అడిగేది కూడా ఆకలి గురించే, నేనాకలిగా ఉంటే పెట్టావా అని. దానికి నా దగ్గర జవాబు ఉండాలి. మాకు ఆరెకరాలుంది, కౌలుకిచ్చాం. రైతు గారూ ఆ కార్డుకి ఎక్కడికెళ్ళాలి?

డెల్టా_రైతు
మీ ఊరి సచివాలయంలో వీఆర్వో దగ్గర. ఆధార్, పాసుపుస్తకం జిరాక్సు, కౌలుదారుని వెంట పెట్టుకుని వెళ్ళండి. ఊడుపులు మొదలవ్వకముందే చేయించండి, లేకపోతే ఆ ఏడు రుణం అందదు.

రెండో_రాకడ_ప్రసాద్
మా కౌలుదారు మరియాపురం సంఘంలోనే ఉంటాడు. జోజి గారికి తెలిసే ఉంటుంది.

మరియాపురం_జోజి
తెలుసండి. సోమవారం నేను తీసుకొస్తా, మీరు పాసుపుస్తకం తెచ్చుకోండి.